వంగని నడుమును వంచబోకండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక గ్రామం. నా వయసు 41 సంవత్సరాలు. నిరుడు నెల రోజుల యోగా శిక్షణ పూర్తి చేసి, పొద్దున పూట మా ఊరి బడి వరండాలో కొందరు ఆడవాళ్ళకు నేర్పుతున్నాను. వచ్చేవారిలో ఎక్కువమందికి ఏదో ఒక జబ్బు ఉంది. ఒకామెకు సుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. ఇంకొకామెకు బీపీ ఉంది. యోగా మొదలుపెట్టాక ఒంట్లో బాగానే ఉందని పోయిన నెల నుంచి మాత్ర మానేసింది. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. పక్కింటి పెద్దమ్మకు అరవై దాటాయి; చిన్నప్పుడు బావి నీళ్ళు, ఆ తర్వాత బోరు నీళ్ళు తాగి ఫ్లోరోసిస్ వచ్చి మెడ, నడుము బిగుసుకుపోయాయి. ఈ మధ్య కాళ్ళు బరువెక్కుతున్నాయని, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదని అంటోంది. ఏ జబ్బుకు ఏ ఆసనం వేయించాలో ఒక పట్టిక ఇవ్వగలరా? ఫోన్‌లో సోమాటిక్ యోగా అని చూశాను, అది వీళ్ళకు పనికొస్తుందా? అసలు జబ్బున్నవాళ్ళకు నేర్పే అర్హత నాకు ఉందా?

సమాధానం: అమ్మా, మీరు పట్టిక అడిగిన వాక్యం కంటే, మాటవరుసగా రాసిన చెప్పు సంగతి దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. కాలి నుంచి చెప్పు జారినా తెలియకపోవడం, కాళ్ళు బరువెక్కడం వయసు మీద పడ్డాక వచ్చే మామూలు నీరసానికి గుర్తులు కావు. ఫ్లోరోసిస్‌లో, అంటే ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్ళు తాగినవారిలో, వెన్నుపూసలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే లిగమెంట్లు క్రమంగా సున్నం పట్టి ఎముకలా గట్టిపడతాయి. దానితో వెన్నుపాము సాగే నాళం ఇరుకై, వెన్నుపాము మీద, దాని నుంచి బయలుదేరే నరాల మీద ఒత్తిడి పడుతుంది. పాదాలకు స్పర్శ తగ్గడం, కాళ్ళు బిగుసుకుపోవడం, నడకలో తూలడం, ఆ తర్వాత మూత్రం మీద అదుపు తప్పడం ఆ ఒత్తిడి ముదిరేకొద్దీ కనబడే లక్షణాలు. సుగర్ వల్ల కూడా పాదాలకు స్పర్శ తగ్గుతుంది, బి12 విటమిన్ లోపం వల్ల కూడా తగ్గుతుంది. పెద్దమ్మ విషయంలో కారణం ఏదన్నది తేల్చవలసింది వైద్యుడే.

కాబట్టి ఆమెను ఈ వారంలోనే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకుపోయి ఎముకల వైద్యునికి చూపించమని వాళ్ళ ఇంటివాళ్ళకు చెప్పండి. చెప్పు సంగతి ఆమె నోటితోనే వైద్యునికి చెప్పించండి, ఎందుకంటే చాలామంది పెద్దవాళ్ళు నడుము నొప్పి అని మాత్రమే చెప్పి నొప్పి మాత్రలు తెచ్చుకుని తిరిగివస్తారు. ఎమ్మారై తీయించమంటే వాయిదా వేయవద్దు. నరాల వైద్యుని దగ్గరకు హైదరాబాద్ పంపితే వెళ్ళాలి. మూత్రం, మలం తెలియకుండా పోవడం గాని, కాలు ఈడ్చడం గాని, ఊరకే పడిపోవడం గాని కనబడితే వారం కూడా ఆగవద్దు, ఆ రోజే వెళ్ళాలి. వైద్యుడు చూసి కదలికలు చేయించవచ్చని చెప్పేవరకు ఆమె వరండాకు రావచ్చు, అందరితో కూర్చోవచ్చు, కళ్ళు తెరుచుకునే తన ఊపిరిని గమనించవచ్చు; ఆసనాలు మాత్రం వద్దు. ఆమెను రావద్దని అనకండి. ఒంట్లో బాగాలేని మనిషికి పదిమంది మధ్య కూర్చోవడం కూడా కావలసిందే.

ఫ్లోరోసిస్‌ను ఊళ్ళలో గుర్తించడానికి వైద్యులు చేయించే మూడు చిన్న పరీక్షలు ఉన్నాయి. నేల మీద నాణెం పెట్టి మోకాళ్ళు వంచకుండా వంగి తీయమంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. చేతులు పక్కలకు చాచి, మోచేతుల దగ్గర మడిచి, వేళ్ళతో తల వెనుక భాగాన్ని తాకమంటారు. ఇప్పుడు మీ శిక్షణలో మొదటి వారంలోనే నేర్పిన ఆసనాలను ఒకసారి గుర్తుచేసుకోండి. పాదహస్తాసనం అంటే దాదాపుగా ఆ నాణెం పరీక్షే. సర్వాంగాసనం, హలాసనం వేసేవారికి గడ్డం ఛాతీకి ఆనక తప్పదు. అంటే జబ్బు ఉన్నదో లేదో తేల్చుకోవడానికి వైద్యుడు ఒక్కసారి అడిగే పనిని, మనం సాధన పేరుతో అదే మనిషి చేత ప్రతి పొద్దూ చేయించి, చేయలేకపోతే వీపు మీద చేయి పెట్టి ఇంకొంచెం, ఇంకొంచెం అని నొక్కుతున్నామన్నమాట. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా కనబడుతుంది గాని లోపల పెళుసుగా ఉంటుంది, నొక్కితే విరగవచ్చు. ఎముకగా మారిన లిగమెంటు సాధన వల్ల మళ్ళీ సాగదు. అందువల్ల పెద్దమ్మకే కాదు, మెడ, నడుము అదే తీరుగా బిగుసుకున్న మీ ఊరివాళ్ళెవరికైనా సరే, ముందుకు బలంగా వంగేవి, మెడను వెనక్కి వాల్చేవి, తల మీద లేదా మెడ మీద బరువు మోపేవి, నడుమును మెలితిప్పేవి, మెడను గుండ్రంగా తిప్పేవి, కుదుపుతో చేసే కపాలభాతి, భస్త్రిక వంటివి పూర్తిగా పక్కన పెట్టండి. మీ చేతితో ఎవరి శరీరాన్నీ నొక్కవద్దు, లాగవద్దు.

యోగా వల్ల ఫ్లోరోసిస్ నయం కాదు. ఈ మాట మీరు వాళ్ళకు మొదటి రోజే సూటిగా చెప్పాలి. ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న నీళ్ళ గురించి. మిషన్ భగీరథ నల్లా ఇంటి ముందు ఉన్నా, రుచి బాగుందనో, నల్లా వచ్చే వేళకు పొలంలో ఉంటామనో ఎవరైనా బోరు నీళ్ళే తాగుతున్నారేమో, కనీసం పప్పు వండడానికి, టీకి వాటినే వాడుతున్నారేమో తెలుసుకోండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. 1970వ దశకంలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. మన జిల్లా పేరు ప్రపంచంలోని నీటి గ్రంథాలకెక్కడం గర్వపడవలసిన సంగతో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. పాలు, పెరుగు, రాగులు, మునగాకు, జామ, ఉసిరి వంటివి తినడం, పాలు లేని టీని, నల్ల ఉప్పును తగ్గించడం కూడా ఇందులో భాగమే. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ బయటకు రావడానికి సంవత్సరాలు పడుతుంది. మంచి నీళ్ళు మొదలుపెట్టగానే నొప్పి పోదన్నది కూడా వాళ్ళకు తెలియాలి.

ఇక మీరు ఫోన్‌లో చూసిన సోమాటిక్ యోగా. ఈ మాట యోగా సంప్రదాయంలోది కాదు. థామస్ హన్నా అనే అమెరికా తత్వశాస్త్ర అధ్యాపకుడు 1976 ప్రాంతంలో సోమాటిక్స్ అనే పేరును వాడుకలోకి తెచ్చాడు. అంతకుముందే మోషే ఫెల్డెన్‌క్రైస్ అనే ఇంజనీరు, తన మోకాలి దెబ్బతో సతమతమవుతూ, చాలా చిన్న, నెమ్మదైన కదలికల ద్వారా శరీరానికి కొత్త అలవాట్లు నేర్పే పద్ధతిని తయారుచేశాడు. హన్నా ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. హన్నా వాదన ఇది: భయం, దెబ్బ, ఒకే తీరు పని వంటి కారణాల వల్ల కొన్ని కండరాలు ఏళ్ళ తరబడి బిగిసే ఉంటాయి, అవి బిగిసి ఉన్న సంగతి మనసుకు తెలియకుండా పోతుంది, తెలియనిదాన్ని వదలడం ఎవరికీ చేతకాదు. అందుకని ఆ కండరాన్ని ముందు కావాలని కొంచెం బిగించి, ఆ బిగింపును గుర్తుపట్టి, తర్వాత బిగించిన దానికంటే నెమ్మదిగా వదలాలి. నిద్రలేచిన కుక్క ముందుకాళ్ళు చాచి ఒళ్ళు విరుచుకునేటప్పుడు చేసేది అదే. యోగాసనాలను ఈ దృష్టితో, ఆకారం కోసం కాకుండా లోపలి అనుభవం కోసం చేయించడాన్ని ఇప్పుడు సోమాటిక్ యోగా అంటున్నారు. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని, ప్రయత్నాన్ని సడలించడం వల్ల అది కుదురుతుందని పతంజలి ఎప్పుడో చెప్పాడు కనుక మనకు ఇది పూర్తిగా పరాయి సంగతి కాదు. యోగా మీద జరిగినన్ని పరిశోధనలు సోమాటిక్ పద్ధతుల మీద జరగలేదన్నది కూడా నిజం. ఫోన్‌లో వినబడే పెద్ద మాటలను, కండరాల్లో దాగిన దుఃఖమంతా ఏడు రోజుల్లో కరిగిపోతుందనే రకం ప్రకటనలను, నమ్మవద్దు.

అయినా మీ వరండాకు వచ్చేవారికి ఈ పద్ధతి మామూలు ఆసనాల తరగతి కంటే బాగా సరిపోతుందని నేను అనుకుంటున్నాను. ఇందులో ఎంత వంగారనే లెక్క లేదు. బిగుసుకున్న వెన్ను ఉన్న మనిషికి రెండు రకాల బిగువు ఉంటుంది. ఒకటి ఎముకది, దాన్ని మనం కదపలేము, కదపకూడదు. రెండవది ఆ ఎముక చుట్టూ ఉన్న కండరాలది. నొప్పి వస్తుందనే భయంతో అవి పగలూ రాత్రీ కాపలా కాస్తూ అలిసిపోయి, తామే నొప్పికి కారణమవుతాయి. యోగా చేరగలిగేది ఈ రెండవదాని దగ్గరకే. మన జిల్లాలోనే ఒక పెద్దాయన, ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక పాదాలతో సహా మొత్తం తిరిగేవాడు. వైద్యులు చూసి శస్త్రచికిత్స అవసరం లేదన్న తర్వాత ఆయనకు నేను మెడ కదలిక ఏదీ చెప్పలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, తల కదపకుండా కళ్ళను మాత్రమే నెమ్మదిగా కుడివైపు గోడ మూల దాకా తీసుకుపోయి, అక్కడ ఒక ఊపిరి వదిలి, మళ్ళీ మధ్యకు తీసుకురమ్మన్నాను. కళ్ళు పక్కకు తిరిగినప్పుడు పుర్రె కింద, మెడ వెనుక ఉన్న చిన్న కండరాలు వాటంతట అవే స్పందిస్తాయి. వేలు అక్కడ ఆనించుకుంటే ఆ కదలిక ఎవరికి వారికి తెలుస్తుంది. ఆ తర్వాత రెండు భుజాలను చెవుల వైపు ఒక అంగుళం ఎత్తి, ఎత్తడానికి పట్టిన కాలానికి రెండింతల కాలం తీసుకుని దించమన్నాను. మొదట్లో ఆయన భుజాలు ఠపీమని పడిపోయేవి. వదలడం తనకు రాదని ఆయనకు అప్పుడే తెలిసింది. కొన్ని వారాల తర్వాత కూడా ఆయన మెడ అంతకుముందు కంటే ఎక్కువ తిరగలేదు. మంగలి దగ్గర గడ్డం గీయించుకునేటప్పుడు భుజాలు పట్టేయడం మాత్రం తగ్గిందన్నాడు, రాత్రి పక్క మార్చుకునేటప్పుడు మెలకువ రావడం తగ్గిందన్నాడు. పెద్దమ్మకు వైద్యుని అనుమతి దొరికితే మీరు ఆశించవలసిన ఫలితం ఈ కొలతలోనే ఉంటుంది.

వైద్యుని అనుమతి వచ్చేదాకా పెద్దమ్మను మినహాయించి, మీరు అందరికీ చేయించదగిన ఇంకొక కదలిక నడుముది. గచ్చు మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, మోకాళ్ళు వంచి, పాదాలు నేలకు ఆనించి వెల్లకిలా పడుకోవాలి. తల కింద పలచని దిండు ఉండాలి. నులక మంచం వద్దు, అది కిందికి కుంగి నడుముకు ఆధారం లేకుండా చేస్తుంది. ఊపిరి పీల్చుతూ నడుము కింద ఒక చేయి మాత్రమే దూరేంత సందు ఏర్పడేటట్లు వెన్నును కొంచెం ఎత్తాలి, ఊపిరి వదులుతూ ఆ సందు మూసుకుపోయేటట్లు నెమ్మదిగా నేలకు దించాలి. అంతే. నాలుగైదు సార్లు చేసి, కాసేపు ఏమీ చేయకుండా పడుకుని, వీపులో ఏ భాగం ఇప్పుడు నేలకు ఎక్కువగా ఆనుతున్నదో గమనించమనాలి. ఈ ఆగడం ముఖ్యం. ఊరికే పడుకున్నట్లు కనబడుతుంది కనుక కొత్తగా నేర్పేవారు దాన్ని తొందరగా దాటేస్తారు. నాట్లు వేసి, పత్తి ఏరి వచ్చిన నడుములకు, గుంట మగ్గం మీద రోజంతా ముందుకు వంగి కూర్చునే చేనేతవాళ్ళ నడుములకు ఇది బాగా పనిచేస్తుంది. కిందికి దిగి లేవలేనివారు ఇదే కదలికను కుర్చీ అంచు మీద కూర్చుని చేయవచ్చు. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి గచ్చు మీద జారుతుంది కనుక దాని వీపును గోడకు ఆనించి పెట్టండి. నొప్పి కదలికకు ముందు ఎంత ఉందో కదలిక తర్వాత అంతకంటే పెరిగితే, లేదా తిమ్మిరి కాలిలోకి, చేతిలోకి పాకితే, ఆ కదలిక ఆ మనిషికి ఆ రోజుకు కాదు. గుంజుతుంది అంటే పరవాలేదనుకోకండి. ఎక్కడ గుంజుతుందో, ఎటు పాకుతుందో అడగండి.

బీపీ మాత్ర మానేసిన ఆమె సంగతి పెద్దమ్మ సంగతి తర్వాత తొందరైనది. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు. ఒంట్లో బాగుండడం బీపీ అదుపులో ఉందనడానికి రుజువు కాదు. కొన్ని రకాల బీపీ మందులను ఒక్కసారిగా ఆపితే అది ముందున్న దానికంటే పైకి ఎగబాకుతుంది. రేపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఊళ్ళోకి వచ్చే ఏఎన్ఎం దగ్గర గాని బీపీ చూపించి, మాత్ర మానిన సంగతి దాచకుండా చెప్పమనండి. పై అంకె 180 గాని, కింది అంకె 110 గాని దాటితే ఆ రోజు సాధన లేదు, ఆసుపత్రే. దానితో పాటు తలనొప్పి, ఛాతీలో నొప్పి, మాట తడబడడం ఉంటే 108కు ఫోన్ చేయాలి. యోగా వల్ల బీపీకి మేలు జరగదని నేను అనడం లేదు. శవాసనం అధిక రక్తపోటును తగ్గించగలదని బొంబాయిలో డాక్టర్ కె.కె. దాతే బృందం 1969లోనే వైద్య పత్రికలో ప్రచురించింది. పీల్చే ఊపిరి కంటే వదిలే ఊపిరిని పొడవుగా చేస్తే గుండె వేగం తగ్గుతుంది. కాని ఆ తగ్గుదల చిన్నది, మందుకు తోడుగా నిలిచేది. నెలల తరబడి అంకెలు తగ్గుతూ వస్తే మందు తగ్గించేది వైద్యుడు. ఆమె చేత ఊపిరి బిగబట్టించకండి, తల గుండె కంటే కిందికి వచ్చేవి చేయించకండి, పడుకున్నవారిని ఒక్కసారిగా లేపకుండా పక్కకు తిరిగి కూర్చోనివ్వండి. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెండింతలవుతుందని చెన్నైలోని కంటి వైద్యులు 2006లో ప్రచురించారు. అందువల్ల గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి, సుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారికి తలకిందుల ఆసనాలు పనికిరావు.

సుగర్ ఉన్నామె విషయంలో మీరు భయపడవలసింది సుగర్ పెరగడానికి కాదు, పడిపోవడానికి. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్ర గాని తీసుకుని, ఏమీ తినకుండా పరగడుపున వ్యాయామం చేస్తే సుగర్ పడిపోతుంది. యోగా ఖాళీ కడుపుతోనే చేయాలనే నియమం ఆమెకు వర్తించదు. ఏ మందు ఏ వేళకు తీసుకుని, ఎంత తిని రావాలో వైద్యుణ్ణి అడిగి రమ్మనండి. వరండాలో ఒక డబ్బాలో చక్కెర ఎప్పుడూ ఉంచండి. చేతులు వణకడం, చెమట పట్టడం, గుండె దడ, చూపు మసకబారడం, తిక్కతిక్కగా మాట్లాడడం కనబడితే శవాసనంలో పడుకోబెట్టకండి, తెలివి ఉన్నంతలో మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి, పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108ని పిలవండి. ఆమెకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఒంటికాలి మీద నిలబడే ఆసనాలు గోడ పక్కనే చేయించండి, ఎండకు కాలిన గచ్చు మీద ఒట్టి కాళ్ళతో నడవనివ్వకండి.

మీ అత్తమ్మకు వజ్రాసనం, పద్మాసనం, గొంతుక్కూర్చోవడం మాన్పించండి. కుర్చీలో కూర్చుని ఒక్కొక్క కాలును నేలకు సమాంతరంగా చాచి, తొడ కండరాన్ని బిగించి, నెమ్మదిగా దించడం, ఆ తర్వాత అదే కుర్చీలో నుంచి చేతుల సాయం తగ్గిస్తూ లేచి కూర్చోవడం చాలు. కోడలు చెబితే వింటారో లేదో నాకు తెలియదు గాని, నలుగురి మధ్య చెబితే వింటారు.

పట్టిక ఎందుకు ఇవ్వలేదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. 1924లో లోనావలాలో కైవల్యధామాన్ని స్థాపించిన స్వామి కువలయానంద ఆసనాలను ప్రయోగశాలలో పరీక్షించడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ జబ్బుకు ఈ ఆసనం అనే జాబితాలు చాలానే వచ్చాయి. అదే కాలపు పెద్ద గురువు కృష్ణమాచార్య మాత్రం చెన్నైలో రోగులకు ఒక్కొక్కరికి విడివిడిగా నేర్పేవారు. నేను రెండవ దారి వైపే మొగ్గుతాను. మీ ఊళ్ళో సుగర్ ఉన్న మనిషికి ఫ్లోరోసిస్ కూడా ఉంటుంది, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి బీపీ కూడా ఉంటుంది; సుగర్ వరుసలో మేలని రాసిన, నడుమును మెలితిప్పే అర్ధమత్స్యేంద్రాసనం ఫ్లోరోసిస్ వరుసలో కీడు అవుతుంది. నడుము నొప్పి విషయంలో మాత్రం యోగాకు గట్టి ఆధారం ఉంది. దీర్ఘకాలపు నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో యోగాను కూడా అమెరికా వైద్యుల సంఘం ఒకటి 2017 మార్గదర్శకాల్లో చేర్చింది. అది మామూలు నడుము నొప్పి గురించి చెప్పిన మాట; మన ప్రాంతంలో నడుము నొప్పి అనగానే అది మామూలుదే అనుకునే వీలు మనకు లేదు.

అర్హత గురించి అడిగారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద ఉన్న యోగా సర్టిఫికేషన్ బోర్డు యోగా బోధకులకు, యోగా చికిత్స చేసేవారికి వేర్వేరు స్థాయిల పరీక్షలు పెట్టింది. నెల రోజుల శిక్షణతో మీరు చికిత్స చేస్తున్నానని చెప్పుకోకూడదు, జబ్బు తగ్గిస్తానని మాట ఇవ్వకూడదు, మందుల గురించి వైద్యుణ్ణి అడగమని తప్ప ఇంకేమీ చెప్పకూడదు. ఈ మూడు గీతలు దాటనంతవరకు, చిన్న కదలికలు, నెమ్మదైన ఊపిరి, విశ్రాంతి నేర్పడానికి మీరు తగినవారే. భయపడి ప్రశ్న రాసిన మీరు, భయం లేకుండా నేర్పుతున్న చాలామంది కంటే ఎక్కువ తగినవారని కూడా అంటాను. వీలైతే చికిత్సకు సంబంధించిన శిక్షణకు చేరండి, ఈలోపు మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారితో ఒకసారి మాట్లాడి, ఎవరెవరు వస్తున్నారో చెప్పి పెట్టుకోండి.

కళ్ళు మూసుకుని శరీరాన్ని గమనించమన్నప్పుడు కొందరికి దుఃఖం పొంగుకురావచ్చు, ఊపిరి ఆడనట్లు అనిపించవచ్చు. కారణం తవ్వకండి. కళ్ళు తెరిచి, పాదాలను నేలకు ఆనించి, వరండాలో కనబడేవాటిని చూడమనండి. మళ్ళీ మళ్ళీ అలా అవుతుంటే మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళమని ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక్కొక్కరికి ఒక పేజీ చాలు: ఏ జబ్బులు, ఏ మందులు, వైద్యుడు ఏం వద్దన్నాడు, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కింద, సుగర్, బీపీ అంకెలతో పాటు, వాళ్ళ మాటల్లోనే రాయండి: బిందె ఎత్తగలుగుతున్నదా, బస్సు మెట్టు ఎక్కగలుగుతున్నదా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నది. నెలకోసారి ఆ పేజీ తిరగేసి, ఏదైనా వెనక్కి పోతున్నట్లు కనబడితే ఆ మనిషికి ఆ కదలికలు ఆపి, పుస్తకం చేతికిచ్చి వైద్యుని దగ్గరకు పంపండి. పెద్దమ్మ పేజీలో మొదటి వరుస మీరే ఈ రోజు రాయండి, చెప్పు జారిన సంగతి ఏ కాలికి, ఎప్పటి నుంచి అన్నది ఆమెను అడిగి. ఆసుపత్రిలో వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలు అవే.